అడుగుకొక నూలు వాటం

ఈ ‘ఇల్లూ వాకిలీ’ శీర్షికలో ఇంతవరకు ముగ్గు గురించి రాశాను, వంటింటి గురించి రాశాను, దేవుడి గూటి గురించి కూడా రాశాను. “మా అత్తగారికి ఎనభై దాటాయి. స్నానాలగది గురించి కూడా నాలుగు మాటలు రాయండి” అని ఒక పాఠకురాలు అడిగి చాలా రోజులైంది. ఇంట్లో అందరూ రోజూ వెళ్ళేదే అయినా నలుగురిలో మాట్లాడటానికి సంకోచించే గది అది. నేనూ సంకోచిస్తూ వాయిదా వేశాను. ఈమధ్య తిరుత్తణిలో మా అమ్మ ఇంట్లో ఆ పని దగ్గరుండి చేయించవలసి వచ్చింది. ఇక రాయకపోతే తప్పు.

మేముండేది తిరువళ్ళూరులో. అమ్మ ఒక్కతే తిరుత్తణిలో, మా తాతగారు కట్టించిన మిద్దె ఇంట్లో ఉంటుంది. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన పైకప్పు. మద్రాసు టెర్రస్ అంటారే, అదన్నమాట. ఆ ఇల్లు కట్టినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. పటాస్కర్ గారి సిఫార్సుల మీద సరిహద్దులు మార్చినప్పుడు, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆ రాష్ట్రం 1969లో తమిళనాడైంది. 1997లో మాకు తిరువళ్ళూరు జిల్లా వచ్చింది. అమ్మ 1958లో ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. “ఆంధ్రలోకి కాపురానికొచ్చి, గడప దాటకుండానే తమిళనాడులో ముసలిదాన్నయ్యాను” అని నవ్వుతూ ఉంటుంది.

రాష్ట్రాలు మారాయి, జిల్లాలు మారాయి. మారనిది ఒక్కటే. అమ్మ మంచం దగ్గర నుంచి పాయఖానాకు ముప్ఫయ్యొక్క అడుగులు. వెనక వసార దాటాలి, రెండు మెట్లు దిగాలి, బావి పక్కనుంచి పెరడంతా నడిచి చివరి గోడ దాకా పోవాలి. స్నానం చేసే చోటు మాత్రం వసారలోనే ఒక మూల ఉంది. దాన్ని మా అమ్మ ‘జలదారి’ అంటుంది. కింద కడప రాయి, పక్కన రాగి కాగు, మోకాలెత్తు తొట్టి. మా చిన్నప్పుడు అదే మాకు తెలిసిన రాజభోగం.

కిందటి ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున అమ్మ ఆ రెండో మెట్టు మీద జారిపడింది. మంచు కురిసి మెట్టు తడిసి ఉంది. కుడి మణికట్టు విరిగింది. పక్కింటివాళ్ళు లేచేదాకా, ముప్పావుగంటసేపు అక్కడే కూర్చుని ఉందట. అరవలేదా అంటే, “ఆ వేళప్పుడు అక్కడ కూర్చుని ఏమని అరవనే?” అంది.

బెంగుళూరు నుంచి మా అన్న వచ్చాడు. ఇల్లు అమ్మేసి తనతో వచ్చెయ్యమన్నాడు. తప్పు పట్టలేం, భయంతో అన్న మాట. అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంతా విని, “జారింది మెట్టు. మెట్టును బాగుచేయించండి. నన్నెందుకు మారుస్తారు?” అంది. నేను అమ్మ పక్షాన నిలబడ్డాను. దాంతో పని నా నెత్తిన పడింది.

మొదట మద్రాసులో ఒక పెద్ద కొట్టుకు వెళ్ళాను. పేరు వద్దు లెండి. అద్దంలా మెరిసే పలకలు, గాజు తలుపు, గోడలోంచి వచ్చే జల్లు స్నానం, అన్నీ రంగుల బొమ్మల్లో చూపించారు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. ఆ నున్నటి పలక మీద తడికాలితో మా అమ్మ నిలబడినట్టు ఊహించుకున్నాను. అంచనా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ తర్వాత పళ్ళిపట్టు వైపు నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పళ్ళిపట్టు ప్రాంతం సంగతి మీకు తెలిసిందే, బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. అతను టేపు తియ్యలేదు, పలకల రంగు అడగలేదు. “అవ్వా, ఒకతూరి నడిచి చూపించు” అన్నాడు. అమ్మ మంచం మీద నుంచి లేచి జలదారి దాకా నడిచింది. అతను వెనకే నడుస్తూ, ఆమె చెయ్యి గోడ మీద ఎక్కడెక్కడ ఆనుతుందో అక్కడల్లా బొగ్గుతో గీత పెట్టాడు. ఆ గీతలు పడిన చోట్ల సున్నం అప్పటికే నల్లబడి ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ చెయ్యి అక్కడే ఆనుతోంది, కన్నబిడ్డలం మేము చూడలేదు. “పిడి కమ్మీలు ఈడ రావాల. పుస్తకంలో యాడున్నా సరే, అవ్వ చెయ్యి అడిగేది ఈడ” అన్నాడు. కొలిస్తే ముప్ఫయ్యారు అంగుళాల లోపే ఉన్నాయి. వాడుకలో ఉన్న లెక్క కూడా ముప్ఫయ్మూడు నుంచి ముప్ఫయ్యారు అంగుళాలే.

పెరటి చివరి పాయఖానా వదిలేసి, జలదారినే అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గదిగా మార్చి, స్నానమూ పాయఖానా రెండూ అక్కడే పెట్టాలని నిర్ణయించాం. మంచానికి తొమ్మిది అడుగుల దూరం, మధ్యలో ఒక్క మెట్టు లేదు. పాత ఇళ్ళున్న వాళ్ళకు పనికొస్తుందని, అప్పుడు నేర్చుకున్న సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది తలుపు. పాత తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి పడిపోతే ఆ తలుపుకే అడ్డం పడతారు, బయటివాళ్ళు తొయ్యలేరు. అందుకని బయటికి తెరుచుకునేలా పెట్టించాం. నాలుగు కాళ్ళ చేతికర్ర కూడా పట్టేటట్టు వాకిలి ముప్ఫయ్మూడు అంగుళాలకు పెంచాం. గడప తీసేశాం. లోపలి గడియ బయటినుంచి కూడా తీయగలిగేది వేయించాం. దీపం స్విచ్చి మంచం పక్కనే ఉంది. రాత్రంతా వెలిగే చిన్న దీపం వేరే ఉంది.

రెండోది గోడ. పాత సున్నం గోడ సిమెంటు గోడలాంటిది కాదు. నేలలోని చెమ్మ పైకెక్కినా సున్నం గుండా మెల్లగా ఆరిపోతుంది. రెండువైపులా సిమెంటు పూసి పలకలు అంటిస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని, నాలుగేళ్ళలో పలకలు ఉబ్బి ఊడొస్తాయి. అందుకని నీళ్ళు పడే వైపు మాత్రం తడి దిగకుండా పూత పూసి పలకలు వేశాం. గోడ రెండో ముఖం సున్నంతోనే ఉంచాం. ఇంకొక సంగతి. ఆ గోడలో మర కొట్టి పిడికమ్మీ బిగిస్తే, మనిషి బరువు పడ్డ రోజున కమ్మీతోబాటు గోడ కూడా చేతిలోకి వస్తుంది. మేస్త్రి బొగ్గు గీతలున్న చోట ఇటుకలు తీసి, కాంక్రీటు దిమ్మెలు పొదిగి, వారం రోజులు తడిపి, ఆ తర్వాతే కమ్మీలు బిగించాడు. తనే వాటికి వేలాడి చూపించాడు.

మూడోది వాటం. ఇక్కడే అతను నాకు గురువయ్యాడు. “అక్కా, గది ఎంత సోకుగా ఉన్నా, వాటం లేకుంటే అది గుంట” అన్నాడు. నీళ్ళు తూముకేసి పోవడానికి నేల ఎంత వాలుగా ఉండాలి? ఎక్కువైతే ముసలికాళ్ళు తూలతాయి. తక్కువైతే నీళ్ళు నిలిచి పాచి పడుతుంది. అతని లెక్క అడుగుకొక నూలు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎనిమిదడుగుల గదికి సరిగ్గా ఒక అంగుళం. కంటికి కనబడదు, నీటికి తెలుస్తుంది. వాటం, నూలు, రసమట్టం, ఈ మాటలు తమిళ మేస్త్రీలూ అంటారు, మనవాళ్ళూ అంటారు. సరిహద్దు కమిటీలు ఊళ్ళను పంచాయి గానీ ఈ మాటల్ని పంచలేకపోయాయి.

నేల మీద తడి దిగని పూత పూసిన తర్వాత, తూము మూసి, రెండంగుళాల నీళ్ళు నింపి, సుద్దతో గీత పెట్టి రెండు రోజులు వదిలేశాం. గీత దిగితే నేల కారుతున్నట్టే. తొందరపడి ఈ పరీక్ష మానేసినవాళ్ళు తర్వాత పలకలన్నీ పగలగొట్టుకోవలసి వస్తుంది. తూములో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచే ట్రాప్ ఉండాలి. కంపునూ బొద్దింకలనూ ఆపేది ఆ కాస్త నీరే. ఎన్నాళ్ళైనా వాడని గది ఉంటే వారానికొక చెంబెడు నీళ్ళు పోస్తుండండి.

నేలకు ఏం వెయ్యాలన్నది పెద్ద చర్చ. గరుకు పలకలు చూశాం. చివరికి అమ్మ మాటే నెగ్గింది. పాత కడప రాళ్ళనే లేవదీసి, తిరగేసి, గరుకు ముఖం పైకి వచ్చేలా వేశాడు. అరవై ఏళ్ళు కిందికి చూస్తూ పడుకున్న ముఖం అది, కొత్త రాయిలా ఉంది.

వెస్టర్న్ కమోడ్ విషయంలో మాత్రం అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. “సింహాసనం మీద కూర్చోమంటారు, నేనేం మహారాణినా?” అంది. మోకాళ్ళు మాత్రం ఎప్పుడో ఒప్పుకున్నాయి. పద్దెనిమిది అంగుళాల ఎత్తులో పెట్టించాం, రెండు పక్కలా కమ్మీలతో. గీజరుకు భూమితీగ సరిగా ఉందో లేదో చూపించి, తడిలో విద్యుత్తు ఒంటికి తగలబోతే రెప్పపాటులో ఆగిపోయే ముప్ఫై మిల్లీయాంపియర్ల బ్రేకరు వేయించాం. పాత ఇళ్ళలో తీగలు ఎప్పటివో ఎవరికీ తెలియదు కాబట్టి దీన్ని మాత్రం వదలొద్దు. రాగి కాగు బావి పక్కకు మారింది. అమ్మ ఇంకొక షరతు పెట్టింది, స్నానం నీళ్ళు ఎప్పటిలా అరటిచెట్లకే పోవాలని. మేస్త్రి సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ నీళ్ళు సెప్టిక్ ట్యాంకులోకి పోకపోతే ట్యాంకుకూ మంచిదే.

ఇంతవరకూ ఇది ఏ ఇంట్లోనైనా జరిగే కథ. తర్వాతి సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

పెరటి చివరి పాత పాయఖానాను కూలగొడుతున్న రోజు, వెనక గోడలో నేల మట్టానికి ఒక కన్నం బయటపడింది. అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు. పాత సున్నం గోడలో ఆ ముక్క మాత్రం సిమెంటుతో పూడ్చి ఉంది. అటువైపు సన్నటి సందు. కూలీ కుర్రవాడు “ఇదేంది, పిల్లులకా?” అన్నాడు. మేస్త్రి ఏమీ అనలేదు. పార పక్కన పెట్టి కాసేపు బీడీ కాల్చుకున్నాడు.

నాకు లీలగా గుర్తుంది. పొద్దున పదింటి తర్వాత పెరటి చివరికి పోవద్దని పిల్లలకు కట్టడి ఉండేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రాత్రి అమ్మను అడిగాను.

“ఆ కన్నానికి రేకు తలుపుండేది” అంది అమ్మ. “సందులోంచి ఆమె వచ్చేది. రేకెత్తి, రేకు ముక్కతో గీకి, గంపలోకి ఎత్తుకుని, బూడిద చల్లి పోయేది. వానాకాలంలో అయితే...” అని ఆగిపోయింది. కాసేపటికి తనే మళ్ళీ అంది. “తెలుగే మాట్లాడేది. ‘తల్లీ, రవ్వన్ని నీళ్ళు పొయ్యి తల్లీ’ అని గోడవతల నుంచి పిలిచేది. నేను గోడ మీద నుంచి చేతుల్లోకి పోసేదాన్ని. పండగలకు ఇస్తరాకులో పెట్టి సందులో దింపేవాళ్ళం.”

“ఆమె పేరేమిటమ్మా?”

అమ్మ చాలాసేపు పలకలేదు. “అడగలేదే” అంది. “నేనొచ్చాక మీ నాన్న ట్యాంకు కట్టించేదాకా, 1974 దాకా, పదహారేళ్ళు వచ్చింది. ఒక్కరోజు కూడా అడగలేదు.”

నాకు నిద్ర పట్టలేదు. 1960 తర్వాత ఊళ్ళో తెలుగు వినపడటం తగ్గిపోతోందని నాన్న ఎంత బాధపడేవారో నాకు తెలుసు. చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్ని, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరని చెప్పుకున్న గొప్పల్ని, పద్యాలు పాడిన అరుగుల్ని తలుచుకునేవారు. వీధి గుమ్మంలో తెలుగు లేదని మేము విచారిస్తున్న ఆ రోజుల్లోనే, మా వెనక సందులో రోజూ పదింటికి తెలుగు వినపడుతూనే ఉంది. అది మాకు తెలుగుగా లెక్కకు రాలేదు. తమిళనాట ఈ పనిలోకి తరతరాలుగా నెట్టబడిన అరుంధతీయులలో చాలామంది ఇళ్ళల్లో తెలుగే. మన భాషను ఈ నేల మీద నిలబెట్టినవాళ్ళ జాబితా రాస్తే వాళ్ళ పేర్లెక్కడున్నాయి?

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఒక పేరు గుర్తుండే ఉంటుంది. అక్కడే 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ గారిది ఈ పనే చేసిన కుటుంబం. సఫాయీ కర్మచారీ ఆందోళన్‌కు నాయకత్వం వహించి, దేశమంతా తిరిగి ఇలాంటి పొడి పాయఖానాలను కూలగొట్టించారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అదే ఏడాది మద్రాసు గాయకుడు టి.ఎం. కృష్ణ గారికీ వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ సంవత్సరం మా ఇంట్లో మాట్లాడుకున్నది ఒక్క పేరు గురించే. పొడి పాయఖానాలు కట్టడాన్నీ, మనుషులచేత ఎత్తించడాన్నీ నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. మురుగు కాలువల్లోకీ, సెప్టిక్ ట్యాంకుల్లోకీ రక్షణ లేకుండా మనుషుల్ని దింపడం కూడా నేరమని చెబుతూ 2013లో ఇంకొక చట్టం వచ్చింది.

చట్టం గురించి చదవడం వేరు, అది మన గుమ్మంలోకి రావడం వేరు. మరునాడే వచ్చింది.

కొత్త పాయఖానాకు పాత సెప్టిక్ ట్యాంకు పనికిరాదని మేస్త్రి తేల్చాడు. అది బావికి మరీ దగ్గర. ఇంటి పక్క సందులో, వీధి వైపు కొత్త ట్యాంకు కట్టాలి, పాతది తోడించి పూడ్చాలి. తోడే లారీ కోసం ఫోను చేశాను. ఎవరికన్నది ఇక్కడ అనవసరం. లారీ వీధిలోనే ఆగుతుంది, పాత ట్యాంకు పెరటి చివర ఉంది, వాళ్ళ గొట్టం అంత దూరం రాదు. “పర్వాలేదమ్మా, ఇద్దరు మనుషుల్ని దింపి బక్కెట్లతో తోడిస్తాం. గంటలో అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువే” అన్నారు.

నేను “సరే” అనబోయాను. దాచడమెందుకు? పని మొదలుపెట్టి నెల దాటింది, తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాను. నోటిదాకా వచ్చింది. అమ్మ మంచం మీద నుంచే విన్నది. “వద్దు” అంది. “ఆ సందులోకి నా ఇంటికోసం ఇంకెవరూ దిగకూడదు. ఎన్నాళ్ళైనా కానీ. నేను ముప్ఫయ్యొక్క అడుగులే నడుస్తాను.”

మేస్త్రి అప్పుడు నోరు విప్పాడు. “అవ్వ చెప్పింది నిజం అక్కా. ఆ గుంటలో గాలి ఉండదు. విషం ఉంటాది. మొదటివాడు పడితే, ఎత్తేదానికి దిగినోడు కూడా పోతాడు.” అతనికి ఎలా తెలుసో నేను అడగలేదు. మూసి ఉన్న ట్యాంకులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు పేరుకుంటాయి. ప్రాణవాయువు ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే దాని వాసన కూడా ముక్కుకు తెలియదు, అందుకే మనిషికి హెచ్చరిక అందదు. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పదేసి లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. అంటే ఇన్ని చట్టాల తర్వాత కూడా మనుషులు దిగుతూనే ఉన్నారని అర్థం. దిగమని అడుగుతున్నది నాలాంటివాళ్ళే, విసుగులో, ఫోనులో, ఒక్క “సరే”తో.

పొడవైన గొట్టాలున్న ఇంకొక లారీ దొరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. డబ్బు దాదాపు రెట్టింపైంది. గొట్టం పరచడానికి వెనక సందులో ఏళ్ళ తరబడి పేరుకున్న సామాను తీయించడానికి ఇరుగుపొరుగుతో రెండు మాటలు అనుకోవలసి వచ్చింది. అయినా ఒక్క మనిషి కాలు కూడా లోపల పెట్టకుండా పని జరిగింది. ఖాళీ అయిన పాత ట్యాంకు అడుగు పగలగొట్టించి, ఇసుకా మట్టీ నింపి మూసేశాం. కొత్త ట్యాంకు మూత వీధికి పదిహేను అడుగుల్లో ఉంది, ఏ లారీ గొట్టమైనా అందుతుంది. దానికి పోయే నాలుగంగుళాల పైపుకు అడుగుకు రెండు నూళ్ళ వాటం. మీరు ఇల్లు బాగుచేయించుకుంటుంటే, ఇంజనీరును పలకల రంగుకంటే ముందు ఈ ప్రశ్న అడగండి: “ట్యాంకు నిండినప్పుడు లారీ గొట్టం ఎటునుంచి వస్తుంది?” దానికి జవాబు లేకపోతే, ఎప్పుడో ఒకరోజు ఒక మనిషి దిగవలసి వస్తుంది.

పాత పాయఖానా స్థలం ఖాళీ అయింది. కన్నం ఉన్న ఆ గోడలో ఇప్పుడు ఆరున్నర అడుగుల తలుపుంది. పెరట్లో పనికి ఎవరు వచ్చినా తల వంచకుండా లోపలికి రావచ్చు. తలుపు పక్కనే ఒక కుళాయి పెట్టించమంది అమ్మ. “అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి” అంది. సందు వైపు కుళాయి ఎందుకని అన్న ఫోనులో అడిగితే, “పైనుంచి పోసే పని లేకుండా” అంది. అన్న మరి మాట్లాడలేదు. మరుసటి వారం కుళాయిలకయ్యే డబ్బు పంపాడు.

పని పూర్తయ్యేసరికి రెండు నెలలైంది. మొదటి రోజు అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మేమందరం బయట చెవులు రిక్కించి నిలబడ్డాం. నీళ్ళ చప్పుడు వినపడింది, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాకు గుండె ఆగినంత పనైంది. “అమ్మా!” అని పిలిస్తే, “ఉండవే, నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నాను” అని లోపలినుంచి జవాబు. మేస్త్రి గడప లేని గుమ్మం దగ్గర నిలబడి నవ్వాడు. వెళ్ళేటప్పుడు అమ్మ అతనికి పంచె పెట్టింది. కూలీ కుర్రవాడికీ పెట్టింది. ఇద్దరి పేర్లూ, వాళ్ళ పిల్లల పేర్లూ అడిగి తెలుసుకుంది.

చేతికట్టు విప్పేశారు. అమ్మ ఇప్పుడు తెల్లవారుజామున ఎవర్నీ లేపకుండా, ఎవరికీ భయం లేకుండా తన పని తను చేసుకుంటోంది. మహారాణి సింహాసనం మీద ఫిర్యాదులు తగ్గాయి. మొన్న ఫోను చేసి, వీధిలో చెత్తబండి తోసుకొచ్చే అమ్మాయి వెనక తలుపు దగ్గర చేతులు కడుక్కుని, కాసేపు కూర్చుని వెళ్ళిందని చెప్పింది. ఆ అమ్మాయి పేరూ, వాళ్ళ ఊరూ, ఆమెకు ఎందరు పిల్లలో అంతా చెప్పింది. “తెలుగే మాట్లాడుతుందే” అంది చివర్న, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు. ఆ పేరు ఇక్కడ రాయను. అమ్మకు తెలుసు, చాలు.

వచ్చే ఉగాదికి మన సంఘం ఆహ్వాన పత్రికలు రాసేటప్పుడు, మన మన ఊళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళన్నీ జాబితాలో ఉన్నాయా అని ఒకసారి చూడమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వీధి గుమ్మం వైపున్నవే కాదు, అన్నీ.

ఇంకొక చిన్న కోరిక. స్నానం చేసే చోటును మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో ఒక కార్డు ముక్క రాయండి. హోసూరులో ఒక మాట ఉంటుంది, మధురలో ఇంకొకటి, బళ్ళారిలో మరొకటి. వచ్చినవన్నీ వచ్చే సంచికలో అందరికీ చెబుతాను. అంతవరకు సెలవు. ఈ లోపల ఒకసారి మీ ఇంట్లో పెద్దవాళ్ళ వెనక నడిచి, వాళ్ళ చెయ్యి గోడ మీద ఎక్కడ ఆనుతోందో చూడండి.